పగడాల తొట్టికి చౌక లైటు

చిన్నోడా,

మీ అమ్మ తొట్టిలో ప్రాణంగా పెంచి, పోతూ వదిలిన పగడాలు తెల్లబడి చచ్చింది నీ వల్లే. ఫోటోలు బాగా రావాలని పెద్ద లైటు తెచ్చి, మొదటిరోజే పూర్తి వెలుగు పెట్టావు. మూలనున్నది ఒక్కటే మిగిలింది.

నీ లైటు ఊడదీసి చౌకరకం ఎల్ఈడీ బిగించాను. కొట్టువాడు రంగులు మారేది అంటగట్టబోయాడు. "పగడాల చేత డాన్సు చేయిస్తావా?" అన్నాను. మన తొట్టికి లోతు తక్కువ, ఇది చాలు. నీలం వెలుగు సగానికి, తెలుపు ఇంకా తక్కువకు పెట్టాను. మీటలు ముట్టుకోకు. పడుకునేముందు ఆర్పెయ్. వెలుగు మెల్లగా నేనే పెంచుతాను.

పనికి వెళ్తున్నాను. భోజనం మూతపెట్టి ఉంచాను, తిను.

పొద్దున ఆ మూలది కొంచెం విచ్చుకుంది. మీ అమ్మయితే నిన్ను లేపి చూపించేది. నేను లేపలేదు. పగడాలు చచ్చిన సంగతి ఇక నా దగ్గర ఎత్తకు. నేనూ ఎత్తను.

— నాన్న