పదో ప్రతి

అమ్మకు,

నీ కడుపున పుట్టిన ఏకైక పట్టభద్రుడు తే-ఉక్ తలవంచి రాస్తున్నది. ఇంచాన్‌లో నేను కులాసా, కొట్టు ఓనరమ్మ కులాసా, ఆమె పిల్లి మా ఇద్దరికంటే కులాసా. సమ్‌చన్‌పోలో నువ్వూ, నీ మోకాళ్లూ, డాబా మీద ఎండుతున్న నీ మెత్తళ్లూ కూడా అలాగే ఉన్నాయని తలుస్తాను.

ఫోనులో అయితే నవ్వించి తప్పించుకుంటానని, కాగితం మీద రాయమని హుకుం జారీ చేశావు. చిత్తం. అడిగినవాటికి జవాబులు ఇవిగో.

అన్నం తింటున్నాను. నువ్వు పంపిన కిమ్చీ డబ్బా మూత బస్సులోనే ఊడింది, కాబట్టి నాకంటే ముందు నా దుప్పటి తిన్నది. నడుం నొప్పి తగ్గలేదు. పుస్తకాలు మనిషిని పైకి తీసుకొస్తాయని నాకు చెప్పిన లెక్చరర్లలో ఒక్కడూ వాటిని అట్టపెట్టెలో పెట్టి మూడో అంతస్తు నుంచి కిందికి దింపినవాడు కాడు. ఇక సంబంధం మాట. మా పాత పుస్తకాల కొట్టుకు వచ్చే ఆడవాళ్లలో అరవై దాటనివాళ్లు ఇద్దరు. ఒకామె పోలీసు.

"సాహిత్యం చదివినవాడివి, పుస్తకాల మధ్య కూర్చోవడం కూడా కష్టమేనట్రా?" అన్నావు. కూర్చోవడం ఎక్కడమ్మా! మొన్న ఒకాయన పోటీపరీక్షల గైడు తెచ్చి బల్లకేసి కొట్టాడు. అందులో ఎవడో ముందే పెన్సిల్‌తో జవాబులు పెట్టి అమ్మేశాడట, వాటిని నమ్మి ఈయన ఫెయిలయ్యాడట. "నాకు నా ఉద్యోగం కావాలి" అన్నాడు. ఆ మాటకొస్తే నాకూ కావాలి. ఇంకొకామె కొత్త ఇంట్లో గోడకు సరిపడా పుస్తకాలు కావాలని టేపు పట్టుకుని వచ్చింది. రెండు బారలు ఏరిపెట్టాక, రంగు సోఫాకు నప్పలేదని వెళ్లిపోయింది. ఒక తత్వశాస్త్రం పుస్తకంలో గుర్తు కోసం పెట్టిన ఎండు స్క్విడ్ ముక్క దొరికింది. పన్నెండో పేజీలో. ఆ పాఠకుడి ఓపిక అక్కడే అయిపోయింది. స్క్విడ్ మాత్రం బాగానే ఉంది. (తిన్నాను. తిట్టకు.)

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. "మీవాణ్ణి తీసుకుపో తల్లీ" అని ఓనరమ్మ నీకెందుకు ఫోన్ చేసింది? ముసలాయన మీద చిన్న జోకు వేశాను, అంతే అన్నాను నీతో. ఆ ముక్కకే నువ్వు మెత్తళ్ల బుట్ట పట్టుకుని ఆమెను బతిమాలడానికి బస్సెక్కుతానంటున్నావు. ఎక్కకు. పూర్తిగా చదువు.

ఆ ముసలాయన ప్యో మాస్టారు, రిటైరైన హెడ్‌మాస్టరు. ఏడేళ్ల కిందట తన జీవితానుభవాలను సొంత ఖర్చుతో పుస్తకం వేయించి, నలభై ప్రతుల్లో మొదటి పేజీ మీద కుంచెతో ఒక్కొక్కరి పేరూ రాసి, కింద తన ముద్ర కొట్టి, నలభై మందికీ స్వయంగా పంచిపెట్టాడు. ఇక్కడ పుస్తకం వేసుకున్న ప్రతివాడూ చేసే పనే. పుచ్చుకున్నవాళ్లు రెండు చేతులా పుచ్చుకుంటారు, వంగి దండం పెడతారు, ఏడాది తిరక్కుండా మాకు అమ్మేస్తారు. అలాంటివి వస్తే పేరున్న పేజీని బ్లేడుతో కోసేయాలని మా కొట్టు రూలు. ఇచ్చినవాడి మనసూ, అమ్మినవాడి పరువూ రెండూ దక్కాలి కదా. మాస్టారి చేతిరాత మీద బ్లేడు పెట్టడానికి మాత్రం ఓనరమ్మకు చెయ్యి రాలేదు. ఆయన ప్రతులు వచ్చినవి వచ్చినట్టు తాడు కట్టి, కొట్టును వెచ్చబెట్టే బాయిలరు వెనక పెట్టేది.

ఎందుకంటే ఆయన ప్రతి గురువారం వస్తాడు.

"ఏమ్మా, నా పుస్తకం ఒక్కటైనా వచ్చిందా?"

"రాలేదు మాస్టారూ."

"రాదు. నేనిచ్చింది మనుషులకి."

బార్లీ టీ తాగి, ఏమీ కొనకుండా, పెళ్లికొడుకులా వెళ్లిపోతాడు. నేను చేరిన రోజే ఓనరమ్మ వేలు చూపించి చెప్పింది: "ఒరేయ్, ఆ ముసలాయన ఆ ఒక్క మాట మీద వారమంతా బతుకుతాడు. దాని జోలికెళ్లావంటే చెయ్యి విరిచేస్తా."

ఆయన నన్ను బతకనిచ్చాడా మరి? నా పేరు 'నిచ్చెన'. "ఏరా నిచ్చెనా, ఎక్కు! పైఅరలో ఎడమ నుంచి ఏడోది." ఎక్కి తెస్తే అట్ట చూసి, "ఊఁ, మళ్లీ పెట్టెయ్" అనేవాడు. మన యాసలో నేను మాట్లాడితే నా వెనకే అనుకరించేవాడు. నువ్వు మెత్తళ్లు ఎండబెడతావని ఒకసారి ఖర్మ కాలి చెప్పాను.

వానలు వెలిసిన వారం. నెమ్మెక్కిన పుస్తకాలను బయట చెక్కపలకల మీద ఎండకు పరుస్తున్నాను. ఓనరమ్మ పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లింది. మాస్టారు వచ్చాడు. అక్కడ ఇద్దరు కాలేజీ అమ్మాయిలు నిలబడి ఉన్నారు (వీళ్లూ అరవై దాటనివాళ్లే, కానీ ఆ ఒక్క రోజే వచ్చారు).

"చూడండమ్మా చూడండి, తల్లి చేపలు ఎండేస్తుంది, కొడుకు పుస్తకాలు ఎండేస్తున్నాడు! వంశవృత్తిని వదలని సత్పుత్రుడు!" అన్నాడు.

అమ్మాయిలు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే లోపలికెళ్లి, బాయిలరు వెనకున్న కట్ట విప్పి, తొమ్మిది ప్రతులూ తెచ్చి, మొదటి పేజీలు తెరిచి, ఎగిరిపోకుండా తలో రాయీ పెట్టి వరసగా పలక మీద పరిచాను.

"ఇవి కూడా కాస్త నెమ్మెక్కాయి మాస్టారూ."

ఆయన వంగి పేర్లు చదివాడు. పాత సహోద్యోగి. పెళ్లికి పెద్దగా నిలబడ్డ స్నేహితుడు. చర్చి పాస్టరు. ఒక్కొక్కటీ వేలు పెట్టి, బడిలో హాజరు పిలిచినట్టు. అమ్మాయిలు ఎప్పుడు జారుకున్నారో తెలియదు. ఆయన కుప్పకూలతాడని చూస్తున్నాను. చూడాలనే ఉంది నాకు. అది కూడా రాసెయ్యనీ.

కూలలేదు. నడుం నిటారు చేసి, "తొమ్మిదేనా?" అన్నాడు. "నలభై ఇచ్చాను. ముప్పై ఒక్కమంది దాచుకున్నారన్నమాట! ఒరేయ్ నిచ్చెనా, నువ్వేదైనా ఇస్తే ముప్పై ఒక్కమంది దాచుకుంటారా? మొట్టమొదటి ప్రతి మా అమ్మాయికిచ్చాను. ఊన్-సల్. దానికి ఇల్లూ పిల్లలూ, నెలల తరబడి ఫోనుకైనా తీరదు. అయినా దాని అరలో నా పుస్తకం ఉంటుంది."

ఫోనులో నీతో జోకన్నది ఇదే, ఇంతవరకే చెప్పాను. ఆయన ముందు ఓడిపోయాననీ, ఓనరమ్మ అనవసరంగా మండిపడిందనీ. మిగతాది ఇది.

పదోది ఉందమ్మా. ఓనరమ్మకు కూడా తెలియదు. ఏప్రిల్‌లో ఒక అపార్ట్‌మెంట్ ఖాళీ చేస్తున్నారంటే పాత పుస్తకాలకు బండి వేసుకుని నేనే వెళ్లాను. కొట్టుకొచ్చి పెట్టెలు విప్పితే ఒకదాంట్లో ఉంది. కుంచెతో, "నా బిడ్డ ఊన్-సల్‌కు, మొట్టమొదటిది" అని. కొయ్యలేదు, బాయిలరు వెనకా పెట్టలేదు. కొట్టు వెనకగదిలో నా పక్కబట్టల కింద దాచుకున్నాను. ఎప్పుడైనా ఆయన మరీ శ్రుతి మించితే పనికొస్తుందని. అంటే నాలుగు నెలలు దాని మీదే పడుకున్నాను.

నిన్ను అన్నందుకు చేశానని చెప్పుకోవచ్చు. ఆ కోపం తొమ్మిదితోనే తీరిపోయింది. పదోదానికి కారణం, ఆయన ఇంకా నవ్వుతూ ఉండడమే. లోపలికి నడిచి వెళ్లి, పరుపెత్తి, తిరిగి నడిచి వచ్చాను. ఎక్కడైనా ఆగి ఉండొచ్చు. ఆగలేదు. తీసుకొచ్చి ఆయన చేతిలోనే పెట్టాను.

చాలాసేపు చదివాడు. ఉన్నవి నాలుగు మాటలు.

"ఇదెప్పుడొచ్చింది?"

"ఏప్రిల్‌లో. ఇల్లు ఖాళీ చేస్తుంటే నేనే వెళ్లి తెచ్చాను."

"ఖాళీ చెయ్యడమేంటి?"

నాకు అప్పుడు అర్థమైంది, ఆయనకు తెలియదని. పుస్తకం సంగతి కాదు, ఇల్లు మారిన సంగతే తెలియదు.

"ఎక్కడికి వెళ్తున్నదీ మీకేమైనా చెప్పిందా అండీ?" అన్నాడు. నన్నేనమ్మా. అండీ అని.

"చెప్పలేదండీ" అన్నాను.

అంతలో బుగ్గ వాచి ఓనరమ్మ వచ్చింది. పలకను చూసింది, నన్ను చూసింది. ఆయన ఆమె వైపు తిరిగి, "ఇల్లు మారే గొడవలో పాడవకుండా మా అమ్మాయి ఈ ఒక్కటీ మీ దగ్గర పెట్టమందట" అన్నాడు. ఆమె "అవును మాస్టారూ, నేనే పెట్టించాను" అంది. తొమ్మిదింటినీ అక్కడే వదిలేసి, ఆ ఒక్కటే చంకలో పెట్టుకుని వెళ్లాడు.

ఆ రోజు ఓనరమ్మ నా చెయ్యి విరవలేదు. నన్ను పొమ్మనలేదు కూడా. పొమ్మంటున్నది ఇప్పుడు, ఇందుకు:

ఆయన గురువారాలు మానేశాడు. రోజూ వస్తున్నాడు. పుస్తకం వచ్చిందా అని అడగడం లేదు. నిచ్చెన ఎక్కమనడం లేదు. నా స్టూలు పక్కన కూర్చుని, "ఎలా ఉందండీ మనిషి?" అంటాడు. ఆయన తన బిడ్డను చూసి ఏడేళ్లయిందట. ఆమెను చూసినవాళ్లలో ఆయనకు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

నేను చూడలేదమ్మా. పెట్టెలు చూశాను, మెట్లు చూశాను, ఇంతింత బరువు ఎందుకు పెట్టారని తిట్టుకున్నాను. చెప్పులు చూశానేమో, ముఖం చూడలేదు. కానీ మొదటి రోజు, "బాగున్నారండీ, నవ్వుతూ ఉన్నారు" అన్నాను. రెండో రోజు కాస్త ఒళ్లు చేశారన్నాను. మూడో రోజు, నీళ్లు తాగుతారా అని అడిగారన్నాను. "అడుగుతుంది, అడుగుతుంది, చిన్నప్పటి నుంచీ అంతే" అని పొంగిపోయాడు.

నిన్న ఓనరమ్మ నన్ను వెనక్కి లాక్కెళ్లింది. "నిజంగా చూశావురా?" అంది. లేదన్నాను. "మరెందుకు చెప్తున్నావురా దరిద్రుడా! నువ్విక్కడ ఉన్నన్నాళ్లూ ఆయన వస్తూనే ఉంటాడు. వెళ్లిపో. నీకు దండం పెడతాను."

అందుకని బుట్ట పట్టుకుని రాకు. ఈ నెలాఖరుకు నేనే వస్తాను. అప్పటిదాకా ఇంకా పదకొండు రోజులున్నాయి, రోజుకొకటి కల్పించాలి. నవ్వించడం తప్ప ఏదీ చేతకానివాడికి అదేం పని అంటావేమో. ఇవాళ ఆయన, "జుట్టు పొడుగ్గానే ఉందా అండీ?" అన్నాడు. పొడుగ్గానే ఉందన్నాను. ఆయన నా పక్కకు ఇంకాస్త జరిగాడు. తర్వాత మెల్లగా, "అంటే జుట్టు రాలగొట్టే ఆ మందులు మానేసిందన్నమాట. జబ్బు తగ్గిపోయిందన్నమాట" అని, నా చెయ్యి పట్టుకుని కళ్లు తుడుచుకున్నాడు.

ఇట్లు,
నువ్వు అడిగిందీ అడగనిదీ చెప్పేసిన
నీ కొడుకు
తే-ఉక్