శాలిని గారు లేరాండీ?

డిసెంబర్ 7, ఆదివారం

పోతురాజు గారు ఈరోజు పెట్టిన చప్పుడు ఎవరికీ అంతుబట్టలేదు. చిట్టిబాబు కంకర లారీ అన్నాడు. సుధామణి గారు బియ్యం చెరగడం అన్నారు. నేను కొబ్బరాకుల మీద వాన అని టైప్ చేశాను. సాయంత్రం ఆయనే చెప్పారు, పారతో ఎత్తి చేపల మీద పోస్తున్న ఐసు ముక్కలట.

మా వాట్సాప్ గ్రూపు పేరు ‘ఏంటా చప్పుడు’. రోజూ ఎవరో ఒకరు చిన్న చప్పుడు రికార్డ్ చేసి పెడతారు. మిగతావాళ్ళు అదేమిటో చెప్పాలి. పోతురాజు గారిది కైకలూరు, చేపల వ్యాపారం. చిట్టిబాబు గన్నవరం ఎయిర్‌పోర్ట్ దగ్గర టాక్సీ నడుపుతాడు. సుధామణి గారు పామర్రులో జాకెట్లు కుడతారు. గ్రూపులో చాలామందే ఉన్నారు కానీ విడవకుండా ఆడేది మేం నలుగురమే. ఒకరి మొహం ఒకరికి తెలియదు.

ఆపరేషన్ తర్వాత నాకు దొరికిన కాలక్షేపం ఇది. దీనికి గొంతు అక్కర్లేదు.

డిసెంబర్ 9

స్కూల్లో ఇవాళ కూడా లైబ్రరీ డ్యూటీయే. నా తెలుగు క్లాసులు ఇంకో టీచర్ చెబుతోంది.

డిసెంబర్ 12, శుక్రవారం

క్రిస్మస్‌కి గులాబీ పువ్వులు మొదలుపెట్టాను. కాగిన నూనెలో అచ్చు ఊపుతుంటే పువ్వు జారి పడే చప్పుడు రికార్డ్ చేసి పెట్టాను. చిట్టిబాబు కొలాయి అన్నాడు. పోతురాజు గారు వెల్డింగ్ అన్నారు. సుధామణి గారు మాత్రం పువ్వు అచ్చు వదిలింది అని వెంటనే పెట్టేశారు. దాని కిందే ఇంకో మెసేజ్, మంట తగ్గించండి, నూనె ఎక్కువ కాగింది అని. వెళ్ళి చూస్తే నిజమే, రెండో వాయి మాడింది.

చాలా రోజులకు వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

డిసెంబర్ 14, ఆదివారం

చర్చిలో పూజ అయ్యాక ఉపదేశి అంతోని గారు ఆపారు. క్రిస్మస్ పొద్దున పూజలో బైబిల్ మొదటి పఠనం నేనే చదవాలన్నారు. ఏటా నేనే చదివేదాన్ని. గుడి చివరి బెంచీ దాకా వినపడుతుందని అందరూ అనేవాళ్ళు. అదొక గర్వం నాకు.

థైరాయిడ్ ఆపరేషన్ అయ్యాక గొంతు నరం నీరసించింది. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, మాట్లాడుతూ ఉండండి అన్నారు డాక్టరు గారు. వచ్చింది ఈ బొంగురు గొంతు. మాట మధ్యలో గాలి పోతుంది. అంతోని గారికి తల అడ్డంగా ఊపాను. పేరు తీసేయను, ఆలోచించుకోమన్నారు.

ఇంటికొచ్చేదాకా మా ఆయన జాన్ పాల్ ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేది. పోట్లాడేదాన్ని.

డిసెంబర్ 17, బుధవారం

సుధామణి గారు వచ్చే మంగళవారం లైనింగ్ బట్ట కొనడానికి వస్త్రలత మార్కెట్‌కు వస్తున్నారట. పండగ ముందు అందరం బెజవాడలో కలుద్దామన్నారు. పోతురాజు గారు సరేనన్నారు. నేను ఆ రోజు కుదరదన్నాను. ఇంకో రోజన్నారు. అదీ కుదరదన్నాను.

అప్పుడు చిట్టిబాబు పెట్టాడు, శాలిని గారు ఒక్క వాయిస్ మెసేజ్ కూడా పెట్టరు, అసలు మనిషేనా, ఏఐ బాటా అని. కింద వరసగా నవ్వు బొమ్మలు. నేనూ ఒకటి పెట్టాను. పెట్టి, గ్రూపులోంచి బయటికి వచ్చేశాను.

డిసెంబర్ 18

ఇల్లంతా చప్పుళ్ళే. ఎవరికి పంపను?

డిసెంబర్ 20, శనివారం

మధ్యాహ్నం ఫోన్ మోగింది. సుధామణి గారి నంబరు. ఏ ధ్యాసలో ఉన్నానో, ఎత్తి హలో అన్నాను.

“అన్నయ్య గారా? శాలిని గారు లేరాండీ?” అన్నారు.

“లేరండీ” అన్నాను. పెట్టేశాను.

మంచం మీద కూర్చుని కాసేపు ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది. ఆవిడ మీద కాదు. ఇంట్లో ఉండి నేనే లేనని చెప్పుకున్నాను. అంత దూరం వచ్చేశానా? ఫోన్ తీసుకుని చేశాను. అవతల కుట్టు మిషను ఆగింది.

“నేనేనండీ, శాలినిని.”

“ఇందాక లేరన్నది కూడా మీరేనా?”

“అవునండీ.”

ఆవిడ నవ్వాపుకోవడం వినపడింది. ఆపుకోలేకపోయారు. నాకూ నవ్వొచ్చింది. నా నవ్వు కూడా బొంగురే. ఇద్దరం అలా నవ్వుతూనే ఉన్నాం.

తర్వాత అంతా చెప్పాను. అయ్యో పాపం అనలేదు ఆవిడ. మాట్లాడితే నొప్పా అని అడిగారు. నొప్పి లేదన్నాను. అయితే మంగళవారం రండి, బస్సు దిగాక ఫోన్ చేస్తాను, ఈసారి అన్నయ్య గారూ అనను అన్నారు. చిట్టిబాబు తిండి మానేసి తిరుగుతున్నాడట.

డిసెంబర్ 23, మంగళవారం

వెళ్ళాను.

పోతురాజు గారు పెద్ద మనిషి అనుకున్నాను. బక్క పల్చగా ఉన్నారు, చేతిలో థర్మాకోల్ పెట్టె, అందులో నాకని కొరమేను. సుధామణి గారు మెడలో టేపుతోనే వచ్చేశారు, మర్చిపోయి. చిట్టిబాబు నా మొహం చూడలేకపోయాడు. తెలియక అన్నానండీ అన్నాడు నేల చూపులు చూస్తూ. పర్లేదు బాబూ అన్నాను. నా గొంతు విని ఒక్క క్షణం అదిరాడు. తర్వాత మామూలుగా టీ తెస్తానన్నాడు.

అతని టాక్సీలోనే కృష్ణ ఒడ్డుకి వెళ్ళాం. ఘాటు మెట్ల మీద కళ్ళు మూసుకుని కూర్చుని ఆట మొదలుపెట్టాం. బరాజ్ మీద బస్సు హారన్. బఠాణీలవాడి గరిటె. తర్వాత టపటపమని ఏదో చప్పుడు. పోతురాజు గారు వల అనబోతుంటే, తడి చీర దులుపుతున్నారు అని నేనే ముందు గట్టిగా అనేశాను. పక్క మెట్ల మీదివాళ్ళు తిరిగి చూశారట. సుధామణి గారు తర్వాత చెప్పారు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. గెలిచాను కదా.

ఇంటికొచ్చాక అంతోని గారికి ఫోన్ చేశాను. చదువుతానన్నాను. సంతోషమమ్మా అన్నారు, అంతే.

డిసెంబర్ 25, క్రిస్మస్

చదివాను. రెండో వాక్యంలోనే గొంతు పగిలింది. ఆగాను. ముందు వరసలో జాన్ పాల్ రెండు చేతులూ బెంచీని పట్టుకుని ఉన్నాడు. ఊపిరి తీసుకుని అదే వాక్యం మళ్ళీ మొదటినుంచి చదివాను. చివరిదాకా చదివాను. బాగా చదివానని చెప్పను. పూర్తిచేశాను.

బయట పలకరింపుల్లో అందరూ మర్యాదగా ఏదో ఒకటి అన్నారు. దానమ్మ గారు మాత్రం కర్ర పొడుచుకుంటూ వచ్చి చెయ్యి పట్టుకున్నారు. ఆవిడకు చెముడు. కొన్నేళ్ళుగా గుళ్ళో ఏమీ వినపడదని ఊరికే కూర్చుని వెళ్తారు.

“ఇన్నాళ్ళూ నీ గొంతు సన్నంగా ఈల వేసినట్టుండేదే నాకు. ఇవాళ ప్రతి మాటా అందింది” అన్నారు.

మెల్లగా నడుచుకుంటూ వెళ్ళిపోయారు. నేను చెప్పులు వేసుకోవడం మర్చిపోయి అక్కడే నిలబడ్డాను.

డిసెంబర్ 27

గొంతు పూర్తిగా పోయింది. నిన్నంతా మాట్లాడాను, ఎవరు కనపడితే వాళ్ళతో. భయం వేయలేదు. పొద్దున్నించీ గుసగుసగా మాట్లాడుతున్నాను. జాన్ పాల్ కూడా గుసగుసగానే జవాబు చెబుతున్నాడు, ఎందుకో.