ఏడో మొక్క గింజలు

బాన్సువాడ,
అక్టోబరు 6

ప్రియమైన చెల్లె వనితకు,

అక్క రూప్లి దీవెనలు. ఈ గింజల పార్సిల్ వేయడానికి నేనే బాన్సువాడ బస్టాండుకు వచ్చాను. ఉత్తరం ఎందుకంటే, ఫోన్‌లో అయితే నువ్వు ఏడుస్తావు, అది విని నేనూ ఏడుస్తాను.

ఆగస్టు వానకు వాగు పొంగి నీ సోయా మడి మునిగిందని చెప్పాను కదా. నీళ్లు పోయాక తేరుకుంటుందనుకున్నాం. తేరుకోలేదు, వేళ్లు కుళ్లి పడిపోయింది. ఏడు మొక్కలే నిలిచి కాయ పట్టాయి. ఒక్కో మొక్క గింజలు విడిగా తీసి, నువ్వు చెప్పిన నంబర్లు వేశాను. సగం మిషన్‌లో వాసన కొలవడానికి నీకు పంపుతున్నాను. సగం ఇంట్లో మూటలు కట్టి పెట్టాను.

మీ బావకు ఓపిక అయిపోతున్నది. అదే నాకు ఫికరు. నిన్న గట్టు మీద కూర్చొని, "ఆ మడిల వరి ఏసుకుంటే తిండికన్న ఒస్తుండె. సరే, గీసారి వనిత మిషన్ ఏమంటదో చూద్దాం. ఇగ గదే ఆఖరు" అన్నాడు.

బాస్మతి బియ్యంలా వాసనొచ్చే సోయా మన నేలలో పండిస్తానని నువ్వన్న రోజు తండా అంతా నవ్వింది. నవ్వనిది మీ బావ లోక్యా ఒక్కడే. ఆయన కోసమైనా ఈ ఏడింటిలో ఒక్కటి దక్కాలి.

నీ అక్క,
రూప్లి

హైదరాబాద్,
అక్టోబరు 24

ప్రియమైన అక్కకు,

నాలుగు మొక్కల గింజలు పొడి చేసి, చిన్న గాజు సీసాల్లో పెట్టి మిషన్‌కు ఎక్కించాను. సీసా వేడెక్కితే లేచే ఆవిరిలో ఏ వాసన ఎంతుందో అది కొలుస్తుంది. బాస్మతి వాసన కనబడాల్సిన చోట గీత లేవనే లేదు. ఉన్నదంతా సోయా పచ్చివాసనే. ఐదోది పెట్టేలోపు మిషన్ చెడిపోయింది.

మా గైడు హరనాథబాబు సార్ పిలిచి, "మిగతావీ ఇంతేనమ్మా. నెలాఖరుకు ప్రాజెక్టు మూసేద్దాం" అన్నారు. నాకూ అలాగే అనిపించింది.

వాసనున్న విదేశీ రకం మన వానలకు బతకదు. మన రకానికి వాసన లేదు. ఆ రెండు గుణాలనూ ఒక్క మొక్కలో చూడాలని ఇన్నేళ్లూ తిరిగాను. ఇప్పుడు పొద్దున లేస్తే ఎక్కడికి పోవాలో తెలియడం లేదక్కా. అన్నం ముందు కూర్చుంటే లోపలికి పోవడం లేదు.

ఆ మూటలు దాచి లాభం లేదు. ఉడకబెట్టి నీ బిడ్డ సోనికి పెట్టు, తింటుంది. మడి బావకు ఇచ్చెయ్. ఆయనకు నా ముఖం చూపించలేను. కొన్నాళ్లు ఇంటికి రాను.

నీ వనిత

హైదరాబాద్,
నవంబరు 5

అక్కా, నా బంగారు అక్కా,

నిన్నటి నుంచి ఫోన్ చేస్తున్నాను. నువ్వు ఎత్తవు, బావ ఎత్తడు. అందుకే స్పీడ్ పోస్టులో ఇది.

మిషన్ బాగైంది. గది ఖాళీ చేసేముందు మిగిలిన మూడూ పెట్టి చూశాను. ఏడో మొక్క అక్కా! గీత నిటారుగా లేచింది. మళ్లీ పెట్టాను, మళ్లీ లేచింది. నీళ్లలో నిలిచిన మొక్కకే వాసన ఉంది!

కొలవాలంటే గింజను పొడి చేయక తప్పదు. నా దగ్గర ఒక్క గింజా మిగల్లేదు. ఉన్నవన్నీ నీ దగ్గరే. వండమన్న మాట మరిచిపో, ఏడో నంబరు మూట ఎవరినీ ముట్టుకోనివ్వకు. మిగిలిన పొడితో రేపు సార్‌కు ఇంకోసారి చూపించాలి, లేకపోతే ఇప్పుడే బస్సెక్కేదాన్ని. ఒక్కసారి ఫోన్ ఎత్తు.

నీ వనిత

బాన్సువాడ,
నవంబరు 8

వనితా, నా తల్లీ,

ఫోన్ మోగినప్పుడల్లా నీ పేరు చూసి పక్కన పెట్టాను. మీ బావనూ ఎత్తనివ్వలేదు.

నీ మొదటి ఉత్తరం వచ్చిన మర్నాడు సాయంత్రం ఏడు మూటలూ విప్పి ఒకే గిన్నెలో పోసి, గుడాలు ఉడకబెట్టాను. కాసేపటికి ఇల్లంతా వాసన. పక్కింటి మోతీబాయి గుమ్మం దాకా వచ్చి, "ఏం బియ్యం వండుతున్నవే రూప్లీ? పండుగ ఉన్నదా ఏంది?" అని అడిగింది. "బియ్యం కాదు, సోయా గుడాలు" అన్నాను. ఆ మాట అన్నాకే తెలిసింది, ఆ బియ్యం వాసన నా గిన్నెలోదేనని.

మీ బావ పొలం నుంచి వచ్చి మూత తీశాడు. వాసన చూసి మూత పక్కన పెట్టాడు. "ఒక్క గింజన్న ఉన్నదా?" అన్నాడు. మూటల గుడ్డలన్నీ దులిపాము. కాయలు కొట్టిన చోటు వెతికాము, కోళ్లు ఎప్పుడో ఏరుకుపోయాయి. మడి అప్పటికే వరికి దున్నేసి నీళ్లు పెట్టాడు.

నువ్వు వండమన్నావనే వండానని నేను అనను. నువ్వూ ఆ మాట మనసులో పెట్టుకోకు. ఆ రోజే నీకు చెప్పాల్సింది. మిగతావి కొలిచినా ఏమీ లేదనే నీ మిషన్ చెప్పాలని, నా ముక్కే తప్పు కావాలని దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. ఇప్పుడు నీ ఉత్తరం వచ్చింది.

ఇంటికి రా. బావకు ముఖం చూపించలేనన్నావు, ఆయన నీ ముఖం ఎట్లా చూడాలని కుమిలిపోతున్నాడు.

సోని ఆ రోజు గిన్నె అడుగు దాకా తిన్నది. మళ్లీ అవే కావాలని రోజూ అడుగుతున్నది. అంగట్లో తెచ్చిన సోయా ఉడకబెట్టి పెట్టాను. ఒకటి నోట్లో వేసుకొని, "ఇవి కావు" అని గిన్నె జరిపేసింది.

నీ అక్క,
రూప్లి