పిలిచేవాడి పేరు

సెప్టెంబర్ 14, శనివారం

రాయడం నాకు చేతకాదు. అచ్చు వేయడం చేతనవును. సీసపు అక్షరాన్ని తిరగేసి చూపిస్తే టకటకా చదువుతాను. కాగితం మీద తిన్నగా ఉంటే తడుముకుంటాను. బడిలో నేర్చిన చదువు కాదు, కాలితో తొక్కే ట్రెడిల్ అచ్చు మిషన్ పక్కన నేర్చింది. కార్డులు కత్తిరించగా మిగిలిన చీలికల మీద రాస్తున్నాను. ఎవరూ చదవక్కర్లేదు.

ఈ రోజు సలోమత్ వచ్చింది. ఒకప్పుడు నా కొడుకు ఇల్హామ్ పెళ్లాం. ఇప్పుడు బోతిర్ పెళ్లాం. రెండు రొట్టెలు, గుడ్డలో మూటగట్టిన పటికబెల్లం తెచ్చింది. మనవలు నన్ను బువా అంటారు, తాత అని. ఆమె కూడా అలాగే పిలుస్తుంది. బువా, మన ఓయ్‌దిన్ పెళ్లి అక్టోబర్ పదమూడున, కార్డులు నువ్వే వెయ్యాలి, ఇంకొకళ్ల చెయ్యి పడితే నీ మనవరాలు ఊరుకోదు అంది.

ఊరుకోదట. మరి? కోకంద్‌లో మా పేటలో ఏ పెళ్లికైనా పిలుపు నా మిషన్ కింద నుంచే వెళ్లింది. కంప్యూటర్ షాపువాడి కార్డు గోటితో గీరితే బంగారం రాలుతుంది. నా అక్షరం కళ్లు మూసుకుని వేలితో తడిమినా తెలుస్తుంది.

కింద ఎవరి పేరు అని అడిగాను. ఆమె టీ గిన్నెలోకి చూసింది. తర్వాత మాట్లాడుకుందాం బువా అంది.

మాట్లాడుకునేది ఏముంది? కార్డు కింద పిల్ల తండ్రి పేరు ఉంటుంది. పిలిచేవాడు తండ్రి. ఓయ్‌దిన్ తండ్రి ఇల్హామ్. కార్డులకు కాగితం తేవడానికి తాష్కెంట్ వెళ్లి, వస్తూ కనుమ దగ్గర మంచు విరిగిపడి పోయాడు. అప్పటికి దానికి మూడేళ్లు. పోయినంత మాత్రాన తండ్రి మారిపోతాడా?

సెప్టెంబర్ 15

బోతిర్ పేరు వెయ్యాలట. ఫోన్‌లో చెప్పింది. ముఖం చూసి చెప్పే ధైర్యం లేక.

సెప్టెంబర్ 18, బుధవారం

బోతిర్ వచ్చాడు. బజారులో కుట్టు మిషన్లు బాగుచేస్తాడు. లావుపాటి మనిషి, నెమ్మదస్తుడు. వాడిలో చెడ్డతనం వెతికాను, ఇన్నేళ్లుగా వెతుకుతూనే ఉన్నాను, దొరకలేదు. అదే నాకు మంట.

కూర్చోమంటే కూర్చోకుండా నా ట్రెడిల్ చుట్టూ తిరిగాడు. నన్ను ఉస్తా అంటాడు, పనిలో గురువు అని. ఉస్తా, నీ పెడలు మూలుగుతోంది అంటూ జేబులోంచి నూనె డబ్బా తీసి నేను అడక్కుండానే నాలుగు చుక్కలు వేశాడు. మూలుగు ఆగిపోయింది. ఆ మూలుగు నాకు అలవాటు, ఎవడు ఆపమన్నాడు అన్నాను. నవ్వాడు. నీలాగే మొండిది ఉస్తా, నూనె వేస్తే తిట్టే మిషన్ ఇదొక్కటే అన్నాడు.

తర్వాత అసలు సంగతికి వచ్చాడు. పెంచింది నేనే కానీ కన్నది నేను కాదు, నా పేరు లేకపోయినా నాకేం తక్కువ కాదు, నీ పేరు వేసుకో ఉస్తా, తాత పిలిచాడంటే ఎవరు కాదంటారు అన్నాడు.

నా పేరు నాకెందుకు? నేను తాతను. తండ్రి ఉండగా తాత పిలవడు. ఆ మాటే అన్నాను. వాడు నా ముఖంలోకి చూశాడు. తండ్రి ఉండగా అన్నావా ఉస్తా, అన్నాడు మెల్లగా. నేను చూసుకుంటాను పో అన్నాను. సరే, నీ ఇష్టం, నీ చేతిలో పెట్టాక మళ్లీ నేనెవర్ని అడగడానికి, అని వెళ్లిపోయాడు. ప్రూఫు చూపించమని కూడా అనలేదు.

సెప్టెంబర్ 20

ఓయ్‌దిన్ వచ్చి సాయంత్రం దాకా ఉంది. కాగితం ఎంచుకుంది. తెల్లది వద్దంది, కంప్యూటర్ షాపులో అందరిదీ తెల్లదేనట. మల్బరీ కాగితం, కొంచెం పసుపు ఛాయ ఉన్నది తీసింది. అరచేత్తో నిమిరి చూసింది. నా రక్తమే.

పెళ్లికి ముందు ఆడపిల్లలు చేరి పాటలు పాడుకునే సాయంత్రం ఉంటుంది కదా, దానికి కూడా కావాలంది. మిఠాయి పొట్లాలు, పళ్లేల కింద పరిచే పూల కాగితాలు, ఒక్కో స్నేహితురాలి పేరుతో చిన్న చీటీలు. బువా, గులిరానో చీటీ మాత్రం పెద్దది కోయాలి, అది తినేదానికి ఆ చీటీ కనపడాలిగా అంది. ఎంత నవ్వానో. ఈ గదిలో నవ్వి చాలా కాలమైంది.

దానిమ్మ బ్లాకు చూపించాను. బేరి చెక్క మీద ఇల్హామ్ చెక్కింది. మూడు పళ్లు, ఒకదానికి కిరీటం లేదు. చెక్కుతుంటే ఉలి జారి విరిగింది. పారేసి వేరేది చెక్కరా అంటే, వద్దు నాన్నా, ఇది పురుగు కొరికిన పండు, నిజం పళ్లు ఇలాగే ఉంటాయి అన్నాడు. ఓయ్‌దిన్ ఆ విరిగిన చోట వేలు పెట్టింది. మా నాన్న చెక్కాడా అని అడిగింది. అవునన్నాను. ఇదే వెయ్యి బువా అంది.

మా నాన్న అంది. బోతిర్‌ను కూడా నాన్న అనే పిలుస్తుంది. కానీ ఈ రోజు అన్నది బోతిర్‌ను కాదు. నాకు ఆ ఒక్క మాట చాలు.

సెప్టెంబర్ 24

అచ్చయింది. ఇల్హామ్ పేరు నల్లగా, నిండుగా, కాగితంలోకి దిగి కూర్చుంది. ఆరనిచ్చి ఒక్కొక్కటీ వేలితో తడిమాను.

సెప్టెంబర్ 27, శుక్రవారం

కార్డులు కవర్లలో పెట్టి ఎర్రదారం కట్టి ఇచ్చాను. కట్టిన దారం పిలిచే ఇంటివాళ్లు విప్పరు, అందుకున్నవాళ్లే విప్పాలి. మా పేటలో అందరికీ తెలిసిన పద్ధతే. సలోమత్ కట్టలు కళ్లకు అద్దుకుని తీసుకెళ్లింది. మొదటి కట్ట వియ్యాలవారికి.

చెప్పి ఉండాల్సిందా? ఎందుకు చెప్పాలి? తండ్రి పేరు వేయడానికి అనుమతి ఎవరిని అడగాలి?

సెప్టెంబర్ 29, ఆదివారం

రాయలేకపోతున్నాను. అయినా రాస్తాను.

పొద్దున పెళ్లికొడుకు నాయనమ్మ హవా బీబీ వచ్చింది. పేటలో పురుడైనా చావైనా ముందు నిలబడేది ఆమే. వెనక సలోమత్, బోతిర్, ఓయ్‌దిన్. హవా బీబీ గుమ్మం దాటి లోపలికి రాలేదు. కార్డును రెండు వేళ్లతో, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు పట్టుకుంది. చదవడం రాదు ఆమెకు. మనవడు చదివి వినిపించాడట.

ఇల్హామ్ ఎవరయ్యా అంది. నా కొడుకు అన్నాను. ఎక్కడున్నాడు అంది. చేతి సిరా గుడ్డకు తుడుచుకున్నాను. ఎక్కడున్నాడో చెప్పవయ్యా, నిన్నే అడుగుతున్నా అని అరిచింది. ఖబరస్తాన్‌లో అన్నాను.

మరి వాడు నా మనవణ్ణి ఎక్కడికి పిలుస్తున్నాడు అంది.

ఇన్నేళ్లు కార్డులు వేశాను. పిలిచేవాడు ఎక్కడ ఉంటే అక్కడికే పిలుపు అని పేటలో ముసలమ్మలకు తెలిసిన ముక్క నాకు తెలియదా? తెలుసు. వేరేవాళ్ల కార్డయితే నేనే ఆపేవాణ్ణి. నా కొడుకు దగ్గరికి వచ్చేసరికి అది బుర్రలోకే రాలేదు. నాకు వాడు చచ్చినవాడు కాదు. వాడు తండ్రి, అంతే.

హవా బీబీ ఇంకా అంది. పిలుపు అందుకున్నాక వెళ్లకపోతే తప్పు, వెళితే చావు, మమ్మల్ని ఏం చెయ్యమంటావు అంది. అసలే మా పెద్దమనవడి పెళ్లాం, ఇంటి పెద్దకోడలు, కడుపుతో ఉంది, కార్డు దాని చేతికే ఇచ్చారు, నిన్నటి నుంచి పక్క దిగట్లేదు అంది. సంబంధం వద్దనే పరిస్థితి తెచ్చావు ముసలాడా, నీ అక్షరాలు తగలెయ్యా అంది.

సలోమత్ రెండు చెంపలూ వాయించుకుంది. బోతిర్ ముందుకొచ్చి, తప్పు నాది బీబీ, అచ్చు చూసుకోవాల్సింది నేను, చూసుకోలేదు, నన్ను తిట్టండి అన్నాడు. వాడు అలా అడ్డం పడకుండా ఉంటే బాగుండేది. తిట్లు నాకు రావాలి. అవి కూడా వాడే తీసుకున్నాడు.

అందరూ వెళ్లాక ఓయ్‌దిన్ ఆగింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. బువా, నాకు మా నాన్న ముఖం గుర్తులేదు, ఏమీ గుర్తులేదు, నువ్వు చెప్పినవే తెలుసు, అవన్నీ ఇష్టంగా వినేదాన్ని అంది. నిన్న రాత్రి మొదటిసారి నాన్నంటే భయమేసింది బువా అంది.

నేను చేసింది ఇది. పదహారేళ్లు వాణ్ణి దాని మనసులో బతికించుకున్నాను. ఒక్క కార్డుతో చంపేశాను.

సెప్టెంబర్ 30

బోతిర్ కార్డులు వెనక్కి తెస్తున్నాడు. ఉత్త చేతులతో పిలుపు వెనక్కి అడగకూడదని ప్రతి ఇంటికీ ఒక రొట్టె ఇచ్చి కార్డు తీసుకుంటున్నాడట. బండి మీద కాదు, నడిచి. కుంటుతున్నాడని సలోమత్ చెప్పింది.

అక్టోబర్ 1

హవా బీబీ కబురు. సంబంధం నిలవాలంటే రెండు పనులు జరగాలట. తప్పు పిలుపు ఏ చేతి నుంచి వెళ్లిందో ఆ చేతి నుంచే సరైన పిలుపు రావాలట. మొదటి వాటిలో ఒక్కటి కూడా మిగలకుండా కాల్చాలట.

అంటే నేనే. నా చేత్తో. తీసెయ్యాలి.

అక్టోబర్ 2, బుధవారం

అక్షరాలు పేర్చి బిగించిన ఫారం బల్ల మీద పెట్టాను. కట్టు వదులు చేశాను. ఇల్హామ్ పేరు మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డాను. సీసం చల్లగా ఉంటుంది. చేతిలో కాసేపు ఉంటే వేడెక్కుతుంది. అదే చెడ్డ గుణం దానికి.

ఒక్కో అక్షరం తీసి అక్షరాల కేసులో దాని గడిలో వేశాను. మా లిపిలో రెండు అక్షరాలు బోతిర్ పేరులో కూడా ఉన్నాయి. కేసులో అలాంటివి బోలెడున్నాయి. అయినా వీటినే వాడాను. ఎందుకో తెలియదు.

అచ్చు వేస్తుంటే మిషన్ మూలగలేదు. వాడు వేసిన నూనె ఇంకా ఉంది.

దానిమ్మ బ్లాకు మాత్రం మార్చలేదు. పండుకు ఏ పేరూ ఉండదు కదా. హవా బీబీ అడగలేదు, నేను చెప్పలేదు.

అక్టోబర్ 3

బోతిర్ పాత కార్డుల మూట తెచ్చి తందూరు ముందు దింపాడు. ఉస్తా, నువ్వు లోపలికి వెళ్లు, నేను చూసుకుంటాను అన్నాడు. వెళ్లలేదు. నేనే వేశాను. మంచి కాగితం, నిదానంగా కాలింది. సిరా ముందు మెరిసి తర్వాత నల్లబడింది. వాడు టోపీ తీసి పక్కన నిలబడ్డాడు. ఖననం దగ్గర నిలబడ్డట్టు. పదహారేళ్ల కిందట మంచు కింద నుంచి తీసినప్పుడు ముఖం చూడనివ్వలేదు నన్ను. ఈ రోజు చూసినట్టయింది.

అన్నీ వచ్చాయా అని అడిగాను. ఒక్కటి తక్కువ ఉస్తా, ఏ ఇంట్లో ఉందో దొరకలేదు, బీబీకి చెప్పకు అన్నాడు.

ఏ ఇంట్లోనూ లేదు. నా చొక్కా లోపల ఉంది. నా పేరు మీద నేనే కవరు రాసుకున్నది. అచ్చు వేసేవాడికి ఎవరూ కార్డు పంపరు, అందుకే.

అక్టోబర్ 5

కొత్త కార్డులు వెళ్లాయి. హవా బీబీ దారం విప్పించి, పేరు చదివించుకుని, ఇప్పుడు బాగుంది అందట. సంబంధం నిలిచింది. పెద్దకోడలు లేచి తిరుగుతోందట.

బాగుంది. నిజంగానే అంటున్నాను. నాకు తప్ప అందరికీ బాగుంది.

అక్టోబర్ 9

ఆడపిల్లల మిఠాయి పొట్లాలు మడిచాను. చీటీలు కోశాను. గులిరానోది పెద్దదే కోశాను. నవ్వు రాలేదు.

అక్టోబర్ 12, శనివారం

ఓయ్‌దిన్ వచ్చింది. రేపు పొద్దున ఆరింటికి మగవాళ్లకు ఓష్ పెడతారు. మాంసం, క్యారెట్ వేసిన అన్నం, సగం పేట వస్తుంది. గుమ్మంలో ఇంటిపెద్ద నిలబడి వచ్చినవాళ్లను గుండె మీద చెయ్యి పెట్టి లోపలికి పిలవాలి. నాన్న ఒక పక్క, నువ్వొక పక్క నిలబడాలి బువా, నాన్నే అడగమన్నాడు అంది. వియ్యాలవాళ్లేమంటారు అన్నాను. అంటే అననీ, కార్డు నువ్వేసిందేగా, నువ్వు రాకపోతే నేను ఏడుస్తా, నా కళ్లకాటుక పాడైతే నీదే బాధ్యత అంది. నవ్వించాలని చూసింది.

దాని తల మీద చెయ్యి పెట్టి దువా చేశాను. వస్తానని మాత్రం అనలేదు. అది అన్నాననుకుని వెళ్లింది.

అక్కడ నేను నిలబడితే జనం నన్ను చూసి ఇల్హామ్‌ను తలుచుకుంటారు. కడుపుతో ఉన్న కోడలు చూస్తుంది. బోతిర్ ఒక్కడే నిలబడాలి. పిలిచింది వాడు.

అక్టోబర్ 13

ఆరింటికి చొక్కాలోంచి నా కార్డు తీసి దారం విప్పాను. పిలిచినవాడి దగ్గరికి వెళ్లాను. నేనే వండిన ఓష్ గిన్నెలో పట్టుకెళ్లి వాడి సమాధి మట్టి మీద పెట్టాను. మిగతావాళ్లు ఏరీ అని వాడు అన్నట్టు అనిపించింది. దారిలో ఉన్నారు, వస్తారు, తొందరేం లేదు అని చెప్పాను.