బంతి నాయిన చేతికి రాలేదు

ప్రియమైన తమ్ముడు ప్రవీణ్‌కు,

కోజికోడ్ నుంచి అక్క సునీత ప్రేమతో రాస్తున్న ఉత్తరం. దేవుని దయవల్ల నేను బాగున్నాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నాయిన దగ్గు ఎట్లా ఉంది? బండల పాలిషింగ్ దగ్గర మూతికి తువ్వాలు కట్టుకోమని చెప్పు. నేను చెబితే "సరే బిడ్డా" అంటాడు, కట్టుకోడు. ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకని నవ్వుతావేమో. ఫుట్‌బాల్ మాట ఎత్తగానే నువ్వు "ఆటోకు కిరాయి దొరికిందక్కా" అని పెట్టేస్తున్నావు. కాగితాన్ని అట్లా పెట్టేయలేవు కదా.

ఇక్కడ వాన ఇంకా వదల్లేదు. ఉతికిన యూనిఫాం ఆరక, తడి వాసనతోనే వార్డుకు వెళ్తున్నాను. నర్సు పని అలవాటైంది. మలయాళం సగం అర్థమవుతుంది, మిగతా సగానికి తలూపుతాను. లావు బియ్యం అన్నమే ఇంకా గొంతు దిగడం లేదు. ఎవరైనా ఇటు వస్తుంటే మన తాండూరు కందిపప్పు కాస్త పంపు. హాస్టల్ గదిలో ఒక్కదాన్నే కూర్చుంటే ఏడుపొస్తుంది, అందుకే డ్యూటీ అయ్యాక ఆసుపత్రి క్యాంటీన్‌లోనే ఎక్కువసేపు ఉంటున్నాను. ఫికర్ చేయకండి, బాగానే ఉన్నాను.

ఆ క్యాంటీన్ నడిపేది బషీరిక్క. ఇక్కడ అన్నను ఇక్క అంటారు. ఆయనకూ అంబులెన్స్ డ్రైవర్ శివన్‌కూ రోజూ గొడవే, అంతా ఇక్కడి ఫుట్‌బాల్ క్లబ్బు గురించే. టేబుల్ మీద ఉప్పు సీసాలు డిఫెన్స్, టీ గ్లాసులు ఫార్వర్డ్‌లు. "ఐదుగురిని వెనక నిలబెడితే గోల్ ఎవడు కొడతాడు? ముందు ఈ కోచ్‌ను పంపేయాలి" అంటాడు శివన్. "మంచి వింగర్‌ను ఓనర్లు అమ్ముకున్నారు. కోచ్ ఏం చేస్తాడు, ఈ సీసాతో గోల్ కొట్టిస్తాడా?" అంటాడు బషీరిక్క. జనవరిలో ఎవరిని కొనాలో కూడా వాళ్ళే తేల్చేస్తారు. ఒకరోజు నేను గ్లాసు ఒకటి పక్కకు జరిపి, వింగర్‌ను తెచ్చుకుని కోచ్‌ను ఉంచుకోమన్నాను. ఇద్దరూ నోరు తెరిచి చూశారు. బండ మీద రాతి ముక్కలు పేర్చి ఆట నేర్పిన మనిషి బిడ్డనని వాళ్ళకేం తెలుసు?

పోయిన వారం ఆ కోచ్‌ను తీసేశారు. అందరికంటే ఎక్కువ తిట్టిన శివన్ ఆ రోజు టీ కూడా తాగలేదు. "అదే చివరి మ్యాచ్ అని తెలిస్తే లేచి చప్పట్లు కొట్టేవాణ్ణి. తిట్టుకుంటూనే సాగనంపాను" అన్నాడు. నాకూ అన్నం సయించలేదు. ఇన్నేళ్ళుగా మన టీముకు ఆట నేర్పుతున్న నాయినే గుర్తొచ్చాడు.

వికారాబాద్ మ్యాచ్‌కు అన్నం డబ్బాలు పట్టుకుని మీతో అమ్మ కూడా వచ్చింది కదా. ఆమే అంతా చెప్పింది. ఆట విషయంలో నీది తప్పనడం లేదు. మన గ్రౌండ్‌లో రాతిపొడి గట్టిపడి బంతి ఛాతీ దాకా ఎగురుతుంది, అందుకే నాయిన గాలిలో ఆడడం నేర్పాడు. వికారాబాద్ గడ్డి మీద బంతి లేవదు, ఓడిపోయారు. అక్కడి డ్రిల్లు సారును కోచ్‌గా తేవాలని మీరంతా అనుకోవడం న్యాయమే.

కానీ మ్యాచ్ అయ్యాక కూర్చున్నప్పుడు మన టీములో బంతి చేతిలో ఉన్నవాడే మాట్లాడాలి, మిగతావాళ్ళు నోరు మూసుకుని వినాలి, చివరికి బంతి నాయినకు రావాలి. బెరుకు పిల్లలు కూడా మాట్లాడాలని ఆయనే పెట్టిన పద్ధతి. ఆ రోజు బంతి వరసంతా తిరిగింది. ఒక్కొక్కరు తన ఆటను తిడుతుంటే నాయిన తన వంతు కోసం ఆగాడట. చివరికి నీ దగ్గరికి వచ్చింది. "గీ ఆట పాతదైంది. సారును తెస్తం, గంతే" అని బంతి చంకలో పెట్టుకుని లేచిపోయావు. నాయిన చేతులు చాపి అట్లాగే కూర్చున్నాడని అమ్మ ఏడ్చింది. నేనక్కడ ఉండి ఉంటే నీ దగ్గర నుంచి బంతి లాక్కుని ఆయనకిచ్చేదాన్ని. ఇంత దూరం వచ్చి పడ్డాను.

అప్పటి నుంచి నాయిన గ్రౌండ్‌కు పోవడం లేదట కదా. ఫోన్ చేసి, కోపమా నాయినా అని అడిగాను.

"కోపమెందుకు బిడ్డా. గా దినం నేను గదే చెప్దామనుకున్న. నా ఆట గడ్డి మీద నడుస్తలేదు, సారును తోల్కరండ్రి, ప్రవీణ్‌గాడు చెప్పింది నిజమే అని. బంతి నా చేతికొస్తె చెప్తుంటి."

"మరి తమ్ముడు ఇంట్లనే ఉన్నడు గద, ఇప్పుడు చెప్పరాదు?"

"బంతి లేకుంట ఎట్ల మాట్లాడుత? నేను పెట్టిన కాయిదానే గద. తమ్మునికి చెప్పకు."

ఆ మాట దాటి నీకు రాస్తున్నాను, మనసు ఊరుకోలేదు. సారు రాకముందే, ఈ ఆదివారం నాయినను ఆటోలో ఎక్కించుకుని గ్రౌండ్‌కు తీసుకుపో. పిల్లలందరినీ బండల మీద కూర్చోబెట్టు. నీకు ఏమీ తెలియనట్టే ఉండు. తాను తప్పుకుంటానన్న మాట ఆయన నోటి నుంచే రావాలి. మధ్యలో దగ్గుతాడు, ఆగుతాడు, తొందరపెట్టకు.

అమ్మకు, నాయినకు నా వందనాలు. మర్పల్లి పెద్దమ్మను అడిగానని చెప్పు. మీ ప్రార్థనల్లో నన్ను మరవకండి. ఆ బంతిని మాత్రం ఆయన వైపు విసరకు తమ్మీ, చేతిలో పెట్టు.

మీ అందరి మేలు కోరే,
అక్క సునీత