మంచం కోడుకి కట్టిన చీర

ఏవండీ,

ఎలా ఉన్నారు? మోకాళ్ల నొప్పులు అక్కడికి వెళ్లాకైనా తగ్గాయా? మీ అమ్మగారి ఆయాసం ఎలా ఉంది? ఆవిడని మెట్లెక్కనివ్వకండి. అక్కడ మెట్లుంటాయో లేదో... మా నాన్నకి కంట్లో పొర తీయించకుండానే పంపేశాం, ఇప్పుడైనా మనుషులు ఆనుతున్నారా? చిన్నప్పుడే పోయిన మా తమ్ముడు కనపడితే జ్వరం దిగిందా అని అక్క అడిగిందని చెప్పండి.

మీరు వెళ్లిపోయి ఏడాది దాటింది. సంవత్సరీకం బాగానే జరిగింది, గారెలు కొంచెం గట్టిగా వచ్చాయి. నాకు బీపీ ఉందన్నారు. గేదె పాలు తగ్గించింది. అమ్మాయి మస్కట్‌లో బాగానే ఉన్నానంటోంది. చిట్టి మూడో క్లాసుకొచ్చింది, బాగుంది...

బాగుంది అని రాసి చాలాసేపు ఆగిపోయాను. అసలు మన మనవరాలి సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

చిట్టిని నేను హింస పెడుతున్నానని పిల్లల బాగోగులు చూసే ఆఫీసుకి ఫోను వెళ్లిందండి. నేను! పిల్ల రెండుసార్లు తుమ్మితే దిష్టి తీసే నేను!  

మన ఇల్లు సంగతి మీకు తెలుసు కదా. గుమ్మం దిగితే గట్టు, గట్టు దిగితే కాలవ. మీరున్నన్నాళ్లు నాకు ఆ బెంగ లేదు. లాకుల దగ్గర తలుపులెత్తి దించే లస్కరు పని చేసి రిటైరయ్యాక సాయంత్రాలు పిల్ల మీ పక్కనే ఉండేది. 'దీన్ని నా మీద వదిలేసి నువ్వు గడ్డికి పోవే' అనేవారు. నేను గడ్డి కోసుకుని, పాలకేంద్రానికి వెళ్లి, చీకటి పడేలోపు వచ్చేదాన్ని. మీరు పోయాక ఆ కాసేపూ పిల్లని ఎవరు చూస్తారు?

కాలవలో మునిగిపోయి లాకు తలుపుల దగ్గర చిక్కుకున్నవాళ్లని బయటికి తీసిన రోజున మీరు అన్నం ముట్టేవారు కాదు. 'కాలవ మనకి చుట్టం కాదే, చెప్పి తీసుకెళ్లడానికి' అనేవారు. ఆ మాట నాలో ఉండిపోయింది. అందుకని చిట్టి స్కూలు నుంచి రాగానే అటుకులు తినిపించి, టీవీ పెట్టి, మంచినీళ్లు అందేలా పెట్టి, పాత నూలు చీర పేలిక ఒక కొస మంచం కోడుకి, రెండో కొస దాని చీలమండకి కట్టి, బయట గొళ్లెం పెట్టి వెళ్లేదాన్ని. మెత్తటి చీరేనండీ. ముడి మాత్రం మీరు నేర్పిందే, పడవలు కట్టే ముడి. లాగినకొద్దీ బిగుసుకునేది. ఎండాకాలం కాలవలో నీళ్లు తీసేసినప్పుడు కట్టేదాన్ని కాదు. నీళ్లు రాగానే మళ్లీ కట్టేదాన్ని.

ఇది కాపలా అనుకున్నాను. కాదా?

స్కూల్లో ఆటలప్పుడు సాక్సు తీస్తే కాలి మీద మచ్చ కనపడిందట. టీచరుగారు నలుగురిలో అడక్కుండా పక్కకి పిలిచి అడిగారట. మన పిల్ల ఏదో గొప్పగా, కాలవలో నీళ్లుంటే మా అమ్మమ్మ కాలికి చీర కడుతుంది, నీళ్లు లేకపోతే ఆడుకోనిస్తుంది అని చెప్పిందట. ఆవిడ ఆ సాయంత్రమే ఫోను చేశారు.

పిల్లల ఆఫీసంటే నాకు ఎప్పుడూ ఇటుకబట్టీ వాళ్ల పిల్లలే కళ్లముందు మెదులుతారు. మీకు గుర్తుందా? చాలా ఏళ్లయింది. ఆఫీసు జీపొచ్చింది. వీధి వీధంతా మూగింది. మీ నాన్న కొడతాడా అని వీధి మధ్యలో నిలబెట్టి అడిగారు, ఆ నాన్న పక్కనే ఉన్నాడు. పిల్లలు వాడి మొహం చూసి లేదన్నారు. అయినా జీపెక్కించేశారు. ఎక్కడ ఉంచారో ఎవరికీ చెప్పలేదు. ఎప్పటికో తిరిగొచ్చారు గానీ ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. మీరు ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా అన్నారు, 'అడిగే చోట అడక్కపోతే పసివాళ్లేం చెప్తారే' అని.

పిల్లల ఆఫీసంటే ఆ జీపే అని నా మనసులో ఉండిపోయింది.

మనింటికి జీపు రాలేదండీ. గడ్డిమోపు దింపి గొళ్లెం తీస్తుంటే వెనకనుంచి మామ్మగారూ అని పిలిచింది ఒకమ్మాయి. పేరు రాజ్యలక్ష్మి. పిల్లల రక్షణ చూసే ఆఫీసు నుంచి వచ్చానంది. వీధిలో వాళ్లు నోళ్లు నొక్కుకోకుండా స్కూటీ కిరాణా కొట్టు దగ్గరే పెట్టి నడిచొచ్చిందట. లోపలికొస్తే చిట్టి కాలికి చీరతో కూర్చుని టీవీ చూస్తోంది.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. దాని పక్కన నేల మీద కూర్చుని, ముందు ఇది విప్పుదామా అని పిల్లనడిగి, నన్ను విప్పమంది.  నా ముడి నాకే రాలేదు. ఆవిడ తొందరపెట్టకుండా అలాగే కూర్చుంది. విప్పాక, ఎందుకు కడుతున్నారు మామ్మగారూ అని అడిగింది.

ఎందుకు అని! మీరు పోయాక నన్ను ఎందుకు అని అడిగినవాళ్లు లేరండీ. కాలవ సంగతి, లాకుల సంగతి, మీ మాట, అన్నీ చెప్పేశాను. అంతా విని ఆవిడ నెమ్మదిగా ఒక్కటే అడిగింది. మీరు పొలంలో ఉండగా ఇంట్లోకి పాము వస్తే పాప ఎటు పరిగెడుతుంది? గ్యాసు అంటుకుంటే?



గట్టు మీద ఇల్లు. వానలు పడితే పాములు గడపదాకా వస్తాయి. మీరు గుమ్మం వెనక కర్ర పెట్టుకునేవారు. నాకు తట్టలేదేంటండీ? గ్యాసు కట్టానా లేదా అని నిద్రలో లేచి చూసుకునేదాన్ని. మీరు కొవ్వూరు వెళ్లి రావడం ఆలస్యమైతే బస్సు బోల్తా పడిందని ఏడిచేదాన్ని. 'నీ భయాలన్నీ సంతకి తోలితే రెండెడ్ల బండి చాలదే సత్యా' అని నవ్వేవారు. ఇన్ని భయాల్లో ఈ ఒక్కటి ఎలా లేకుండా పోయింది? ఎదురుగా కట్టేసి ఉన్న పిల్ల ఎటు పరిగెడుతుందని ఒక్కసారి కూడా అనుకోలేదే...

చిట్టిని రాజమండ్రిలో పిల్లల సంగతులు తేల్చే కమిటీ ముందుకి తీసుకురావాలన్నారు. మీరే బస్సులో తీసుకురండి, నేనక్కడ ఉంటాను అంది రాజ్యలక్ష్మిగారు. ఎంత చెప్పినా నాకు నమ్మకం కుదరలేదు. పిల్లని ఉంచేసుకుంటారేమోనని దాని బట్టలు సంచిలో అడుగున పెట్టాను. అది చూస్తుందేమోనని పైన తువ్వాలు కప్పాను.

పిలవకుండానే పక్కింటి సూరమ్మ బస్సెక్కింది. గేదె పేడ దగ్గర మాటామాటా వచ్చినప్పటినుంచి మాకు మాటల్లేవు. కిటికీ పక్కన నన్ను నెట్టి కూర్చుని, దేవుడు నీకు నోరిచ్చింది నన్ను తిట్టడానికేనా, కాస్త పిల్లని చూడవే అని అడగడానికి పనికిరాదా అంది. గోదావరి బ్రిడ్జి పొడుగునా తిట్టింది. ఆ తిట్లు లేకపోతే ఆవేళ నేను స్పృహలో ఉండేదాన్ని కాదు.

అక్కడ చిట్టిని ఒక గదిలోకి తీసుకెళ్లారు. బొమ్మలున్నాయి, రంగుపెన్సిళ్లున్నాయి. నన్ను బయట బల్ల మీద కూర్చోమన్నారు. నా పిల్లతో మాట్లాడటానికి నన్ను బయటికి పంపడమేంటి? ఒళ్లు మండిపోయింది. లేవబోతే సూరమ్మ కొంగు పట్టుకుని లాగింది.

చాలాసేపటికి రాజ్యలక్ష్మిగారొచ్చి, పాప చెప్పిన మాట ఒకటి మీకు చెప్పొచ్చా అని పాపనే అడిగాం, చెప్పమంది, అందుకే చెప్తున్నాను అంది. పిల్లని అడిగారటండీ! ఎనిమిదేళ్ల పిల్లని!

ఆ ముడి విప్పడం తాతయ్య నాకెప్పుడో నేర్పారు అందట. ఒక కొస లోపలికి తోస్తే వదులైపోతుందట. నేను వెళ్లగానే విప్పుకునేదట. వెనక కిటికీకి ఊచ ఊడింది చూడండి, అందులోంచి దిగి, రేవులో మెట్ల మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టుకునేదట. నేనొస్తుంటే గేదె అరుస్తుంది కదా, ఆ అరుపు వినపడగానే పరుగెత్తుకొచ్చి, కాళ్లు తుడుచుకుని, మళ్లీ తనే కట్టుకునేదట.

అమ్మమ్మకి ఎందుకు చెప్పలేదమ్మా అంటే... చెప్తే అమ్మమ్మ భయపడి తాతయ్యలాగా చచ్చిపోతుంది అందట.

ఏవండీ... నేను ఇన్నాళ్లూ ఎవర్ని కాపాడుతున్నాను? రేవులో ఒక్కతే కూర్చుందండీ. నాచు పట్టిన మెట్లు. జారితే ఎవరు చూస్తారు? పిల్ల కనపడకపోతే నేను ఇంటికొచ్చి ముందు మంచం కింద వెతికేదాన్ని. తర్వాత అటక మీద. కాలవలో వెతకాలని నాకెప్పటికి తోస్తుంది? కట్టేసి వెళ్లానన్న ధీమాతో ఉన్నదాన్ని కదా...

నాకు కట్టడం నేర్పినవారు, దానికి విప్పడం ఎప్పుడు నేర్పారండీ? నాకొక్క మాట చెప్పలేదేం? పాము వచ్చుంటే మీరు నేర్పిందే దాన్ని బతికించేది. రేవులో జారుంటే మీరు నేర్పిందే... మీ మీద కోప్పడాలో, మీకు దణ్ణం పెట్టుకోవాలో తెలియట్లేదు.

పిల్లని ఉంచేసుకోలేదు. నాతోనే పంపారు. పిల్లకి అమ్మమ్మ కావాలి, అమ్మమ్మకి సాయం కావాలి అన్నారు అక్కడి పెద్దాయన. కానీ మళ్లీ కట్టకూడదు. సాయంత్రాలు సూరమ్మ ఇంట్లో ఉండాలి. కిటికీ బాగుచేయించాలి. రాజ్యలక్ష్మిగారు వచ్చి చూసిపోతూ ఉంటారు, పిల్లతో విడిగా మాట్లాడతారు. మళ్లీ కట్టినట్టు తెలిస్తే మాత్రం పిల్లని ఎక్కడ ఉంచాలో కమిటీ మళ్లీ ఆలోచించాల్సి వస్తుంది. మెత్తగానే చెప్పారు. నాకు మాత్రం ఆ మాట తప్ప ఇంకేం వినపడలేదు.

అమ్మాయికి ఆవిడే ఫోనులో చెప్పారు. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఏ కాలికమ్మా అని అడిగింది. ఎడం కాలికన్నాను. పెట్టేసింది. మర్నాడు మళ్లీ చేసి చిట్టితో చాలాసేపు మాట్లాడింది, నాతో నీ మందులేసుకుంటున్నావా అంది.

చిట్టికి ఈత నేర్పిస్తున్నామండీ. రాజ్యలక్ష్మిగారే ఆ మాటెత్తారు, పెద్దవాళ్లిద్దరు దగ్గరుంటేనే అని గట్టిగా చెప్పారు. సూరమ్మ మెట్ల దగ్గర నడుం లోతులో నిలబడి, ఎండు ఆనపకాయ బుర్రలు దాని వీపుకి కట్టి, కొట్టవే కాళ్లు, మీ అమ్మమ్మని తన్నినట్టు తన్నవే అంటుంది. నేను పై మెట్టు మీద కళ్లు మూసుకుని కూర్చుంటాను. ఇన్నేళ్లు గట్టు మీద బతికి నాకు ఈత రాదు. 'ఈత రానివాళ్లకే కాలవంటే కోపం' అనేవారు మీరు. కోపం కాదండీ...

ఇంకొకటి చెప్పాలి. మొన్న వాన పట్టుకుంది. సూరమ్మ పెళ్లికని సామర్లకోట వెళ్లింది. గేదె ఆకలికి అరుస్తోంది. కాలవ గట్టు ఒరుసుకుని పారుతోంది. నాకేమైందో తెలియదు, పెట్టె తీసి ఆ చీర పేలిక చేతిలోకి తీసుకున్నాను. వెనక్కి తిరిగితే చిట్టి మంచం మీద కూర్చుని ఉంది. ఎడం కాలు ముందుకి చాపింది. కట్టు అమ్మమ్మా, నేనెవరికీ చెప్పనులే అంది.

అప్పుడు చచ్చిపోయానండీ నేను. రాజమండ్రిలో విన్నదానికి కూడా అంత కొయ్యబారిపోలేదు. ఎవరు నేర్పారు దానికి, అలా కాలు చాపడం? నేనే కదా...

పేలిక పొయ్యిలో పెట్టేశాను. పిల్లకి నెత్తిన గోనెసంచి కప్పి, చెయ్యి పట్టుకుని పొలానికి తీసుకెళ్లాను. తడిసి ముద్దయ్యాం. దానికి జలుబు చేసింది, ఇప్పుడు తగ్గింది. కంగారు పడకండి.

ఈ సంగతి రాజ్యలక్ష్మిగారికి తెలియదు. నేను చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు, చిట్టి నోరు విప్పదు. అదే నాకు భయంగా ఉంది. పిల్ల నాకోసం ఇంకో మాట దాచుకోకూడదండీ. ఆవిడొచ్చిన వెంటనే, పిల్లతో మాట్లాడకముందే, నేనే చెప్పేస్తాను. ఏం చేస్తారో చెయ్యనీ. చెప్పి బయటికెళ్లి గేదె దగ్గర కూర్చుంటాను. గుమ్మం దగ్గర నిలబడి వినను. ఏం చెప్పావే అని తర్వాత దాన్ని అడగను. ఇది మీకు మాటిస్తున్నాను.

ఆవిడ వచ్చే రెండో శనివారం పొద్దున్న పదింటికి వస్తానన్నారు.

మీ
సత్యవతి