డప్పు మీద చెప్పిన మాట

హైదరాబాదు,
కార్తీక మాసం, 1948.

ప్రియమైన నర్సమ్మకు,

నేను క్షేమం. నువ్వూ, మిగిలిన గొర్రెపిల్లలూ క్షేమమని తలుస్తాను. రజాకార్లు మన మందను తోలుకుపోయిన నాడు ఊరు విడిచినవాణ్ని, ఇంకా ఈ వకీలు గారింట్లోనే నీళ్లు తోడుతున్నాను. పోలీసు యాక్షన్ అయిపోయింది కదా, ఇంకా ఎందుకు రావని అడుగుతావు. ఇక్కడ పెళ్లి ఒకటుంది. అది కాగానే వస్తాను.

నిన్న వాకిట్లో రేడియో పెట్టారు. ఢిల్లీ పెద్ద నాయకుడి ప్రసంగం. గల్లీ అంతా వచ్చి నిలబడింది. ఆయన గొంతు పెద్దదేమీ కాదు, ఇంటి మనిషి మాట్లాడినట్లే ఉంది. హిందుస్తానీ నాకు సగమే తెలుసు కాబట్టి మిగతాది వకీలు గారు చెప్పారు. "భయపడి అడవులు పట్టినవాళ్లూ మన పిల్లలే. ఆయుధాలు దించి ఇళ్లకు రండి. మీ నాగళ్లు మీరు పట్టుకోండి. మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు." ఆ చివరి మాటకు నా పక్కనున్న ముసలాయన బోరున ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, చెప్పడానికి సిగ్గెందుకు.

నీ తమ్ముడు పర్వతాలు ఇంకా రాచకొండ గుట్టల్లో సంఘం దళంతోనే ఉన్నాడా? ఈ మాటలు వాడికి అందేలా చూడు. నీకు చదువు నేర్పిన సంఘం వాళ్లకు దండం పెట్టాలి. లేకుంటే నా గీతలు ఎవరితో చదివించుకునేదానివి?

నీ మేలు కోరే,
గుర్వయ్య

---

ప్రియమైన బావకు,

నీ ఉత్తరం ముట్టింది. అరుగు మీద కూర్చుని చదివాను. పక్కింటి సాలమ్మ మళ్లీ చదవమంది, ఆమె కోడలు మళ్లీ చదవమంది. నా నోరు నొప్పి పుట్టింది, నవ్వు కూడా వచ్చింది. ఎన్నాళ్లయిందో నవ్వి.

ఇంతలో చాటింపు వేసే గాలయ్య వచ్చాడు. "ఢిల్లీ సర్కారు మాటను ఊకె నోటితోని చెప్తరా అమ్మా? డప్పు ఉండాలె," అని కోప్పడి, ఇంటికి పోయి డప్పు కాచుకుని వచ్చాడు. నేను ఒక్కో ముక్క చదవడం, అతను డప్పు కొట్టి దాన్ని చాటడం. వాడవాడా తిరిగాం. ఊరవతల మిలిటరీ క్యాంపు వాళ్లూ విన్నారు, ఏమీ అనలేదు.

మేకలు కాసేవాళ్ల ద్వారా తమ్ముడికి కబురు పంపాను. అమావాస్య దాటాక వస్తాడట. వాడి తలనిండా పేలేనట. నూనె, దువ్వెన తీసిపెట్టాను. నువ్వూ ఉంటే బాగుండేది బావా.

నీ
నర్సమ్మ

---

నర్సమ్మా,

తొందరలో రాస్తున్నాను. నీ ఉత్తరాన్ని సంబరంగా వకీలు గారికి వినిపించాను. ఆయన ముఖం మాడిపోయింది. "ప్రసంగం వేరు, హుకుం వేరు గుర్వయ్యా. పెద్దాయన తన దిల్‌లున్న మాట చెప్పిండు. క్యాంపులున్నోళ్లకు కాయితమేం రాలే. ఆళ్లు ఎప్పటి తీర్గనే కాల్తాన్రు," అన్నారు.

మన నిజాం నవాబు నోట మాట వస్తే అదే ఫర్మానా, అదే శాసనం. పుట్టినప్పటి నుంచి అదే చూశాం కాబట్టి ఈయన మాట కూడా అంతేననుకున్నాం. పర్వతాలును దిగనివ్వకు. వకీలు గారు వాడి కోసం సర్కారుకు అర్జీ పెట్టి చూస్తానంటున్నారు. నేను రాసేదాకా వాడు గుట్ట మీదే ఉండాలి.

గుర్వయ్య

---

పుష్య మాసం.

ప్రియమైన బావకు,

పర్వతాలు లేడు.

వాణ్ని దిగనివ్వొద్దన్న ఉత్తరం తర్వాత నువ్వు రాసినవి కూడా ముట్టాయి. నీ హెచ్చరిక ఆలస్యంగా చేరిందేమోనని, వాడికేమన్నా అయితే నీ వల్లేనని తిట్టుకుంటున్నావు. ఆలస్యం కాలేదు. అది చేరేసరికి వాడు మనింట్లో కూర్చుని జొన్న గట్క తింటున్నాడు. అంతా చదివి వినిపించాను. బావ వద్దంటున్నాడని చెప్పాను.

వాడు తినడం ఆపలేదు. "అక్కా, గాలయ్య తాత డప్పు కొట్టి చెప్పింది ఇన్నేండ్లల ఒక్కపారన్న జరగకుంట పోయిందా? లెవీ వడ్లు కొలవాలె అన్నరు, కొల్సుకపోయిన్రు. వెట్టికి రావాలె అన్నరు, గుంజుకపోయిన్రు. మంచిమాట గీ ఒక్కటే వచ్చింది. గిదే అబద్ధమైతదా?"

నేను నీ హెచ్చరిక మళ్లీ చదవబోయాను. "గది మడిచి పెట్టు. ముందుగాల వచ్చిన ఉత్తరం చదువు," అన్నాడు. చదివాను. 'ఎవరూ ఏమీ అనరు' అన్న చోట ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. నోటితో వద్దన్నాను గాని, నేనూ ఆ మొదటి ఉత్తరాన్నే నమ్మాను బావా.

చేయి కడుక్కున్నాడు. ఉతికిన ధోవతి కట్టుకున్నాడు. తుపాకీని గొంగడిలో చుట్టి రెండు చేతుల మీద పెట్టుకున్నాడు. ముందు గాలయ్య డప్పు, వెనక వాడు, వాడి వెనక ఊరు. క్యాంపు వాళ్లు తుపాకీ తీసుకుని, వాణ్ని లోపల ఉంచుకుని, మమ్మల్ని పొమ్మన్నారు. తెల్లారి చెరువు కట్ట వెనక పడి ఉన్నాడని కబురొచ్చింది. పారిపోతుంటే కాల్చామన్నారు. "పారిపోయేటోడు దిగి ఎందుకొస్తడు దొరా?" అని గాలయ్య అడిగాడు. అతణ్నీ కొట్టారు.

నాకు ఏడుపు రాలేదు. సాలమ్మ నన్ను పట్టుకుని "ఏడువు బిడ్డా," అంటే, "పొయ్యి మీద గట్క అడుగంటుతాంది," అన్నానట. నాకు గుర్తు లేదు. గొర్రెపిల్లలకు ఆకు వేస్తున్నాను, నీళ్లు తెస్తున్నాను. నూనె గిన్నె ఎక్కడ పెట్టానో తెలియక ఒక పూటంతా వెతికాను. దొరికాక దాంతో ఏం పనో తెలియలేదు.

ఇప్పుడు క్యాంపు ముందర రేడియో పెట్టి ఊరినంతా కూర్చోబెడుతున్నారు. మొన్న ఆ ఢిల్లీ ఆయనే మాట్లాడాడు. నువ్వు రాసినట్లే ఉంది ఆ గొంతు, ఇంటి మనిషి లాగే. పల్లెలు నెమ్మదించాయని, పిల్లలు ఇళ్లు చేరుతున్నారని చెప్పాడట. క్యాంపు మనిషి మాకు తెలుగులో చెప్పాడు. ఆ గొంతులో అబద్ధం లేదు. ఆయనకు తెలియదు, అంతే. తిడదామని కూడా చూశాను. నోరు రాలేదు.

అర్జీ ఇంక పెట్టవద్దని వకీలు గారికి చెప్పు. వీలైతే రా. వీలు కాకుంటే ఉత్తరం రాయి. కానీ ఎవరేం చెప్పారో మాత్రం రాయకు. నువ్వేం తిన్నావో రాయి.

నీ
నర్సమ్మ